లేపాక్షి రాయీ, కారు అద్దమూ

అనంతపురం సీమలో ఎండాకాలపు ప్రయాణం పెట్టుకోవడం సాహసమే. అయినా కాలేజీలో పాఠాలు చెప్పుకొనేవాడికి తీరిక దొరికేది ఆ రోజుల్లోనే గనుక, లేపాక్షి చూడాలన్న చిరకాల వాంఛను 2025 ఏప్రిల్ నెలాఖరులో తీర్చుకొన్నాను. వెంట మా ఆవిడ కూడా వచ్చింది. హిందూపురంలో రైలు దిగి బస్సెక్కితే లేపాక్షి 15 కిలోమీటర్లు. బెంగుళూరు నుంచి వచ్చేవారికి 120 కిలోమీటర్ల దూరం. హైదరాబాదు పోయే రహదారి మీద కొడికొండ దగ్గర పక్కకు తిరగాలి. ఆదివారాలు ఇక్కడ కనబడేవి చాలా మట్టుకు బెంగుళూరు కార్లే. చిరకాలం అనంతపురం జిల్లాలో వుండిన ఈ వూరు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది.

దారి పొడుగునా ఎవరో పేర్చి మరచిపోయినట్లున్న గుండ్రాళ్ళ గుట్టలు. అటువంటి గుట్ట మీదనే వీరభద్రస్వామి ఆలయం. గుట్ట తాబేలు వీపులా వుంటుంది గనుక కూర్మశైలమన్నారు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు. 2022లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ స్థలాల ప్రాథమిక జాబితాలో దీని పేరు చేరింది.

లేపాక్షి అనగానే అందరూ అడిగేది వేలాడే స్తంభం. నేలకు పూర్తిగా ఆనని ఆ స్తంభం కింద నుంచి ఉత్తరీయం ఈ పక్కన దూర్చి ఆ పక్కన లాగుతారు. మా ఆవిడా తన చెంగు దూర్చి చూచింది. కాని నన్ను కట్టివేసినవి రంగమండపపు కప్పు మీది రంగుల బొమ్మలు. మర్రియాకు మీద పడుకొని కాలి బొటనవేలు నోట పెట్టుకొన్న పసివాడు అక్కడ వున్నాడు. చుట్టూ ప్రళయ జలం, పక్కన తల్లి లేదు. ఆ పిల్లవాడు దేవుడు గనుక మనకు దిగులు లేదు గాని, లేకపోతే చూడలేని చిత్రమే అది.

లోపలి గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. కథ మీరు వినే వుంటారు. రాజుగారి ధనం అడగకుండా గుడికి ఖర్చు పెట్టాడని విరుపణ్ణ మీద నేరం మోపారట. కళ్ళు తీయించమని ఆజ్ఞ వస్తున్నదని తెలిసి, ఆయన తన కళ్ళు తానే పెరికి గోడకు విసిరాడట. ఆ మరకలవేనని స్థానికులు చెబుతారు. చరిత్ర ఎంతో, కథ ఎంతో తేల్చడం నా పని కాదు. విచారణ కన్న ముందు శిక్ష నడిచి వచ్చిందన్నదే ఆ కథలో మనస్సుకు గుచ్చుకొనేది.

కల్యాణమండపం పూర్తి కాకుండానే నిలిచిపోయింది. స్తంభాలున్నవి, కప్పు లేదు. రాళ్ళు కాలిపోతున్నవి. ఇక చాలుననుకొని పదకొండు గంటలకు మెట్లు దిగి కార్లు నిలిపే చోటికి వచ్చాము. అక్కడ పది పదిహేనుమంది ఒక తెల్లకారును చుట్టుముట్టి వున్నారు.

జరిగింది చిన్న సంగతే. బెంగుళూరు నుంచి వచ్చిన తెలుగు దంపతులు, వారికి రెండేళ్ళ కుర్రవాడు. దర్శనం చేసుకొని తిరుగు ప్రయాణమయ్యారు. తండ్రి నీళ్ళసీసా కొనడానికి దుకాణం వేపు వెళ్ళాడు. పిల్లవాడు ఏడుస్తూ వుంటే తల్లి వాణ్ణి వెనుక సీటులో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ఊరుకోబెట్టడానికి కారు తాళం చేతికిచ్చింది. తలుపు మూసి, తాను ఎక్కడానికి అవతలి పక్కకు నడిచింది. ఈ నాలుగడుగుల వ్యవధిలో పిల్లవాడు తాళం మీది మీట నొక్కాడు. టక్కుమని నాలుగు తలుపులూ పడ్డవి. తాళం లోపల, పిల్లవాడు లోపల, ఆవిడ సెల్ ఫోను కూడా లోపలే. అద్దాలన్నీ పైకి ఎక్కించి వున్నవి. రెండో తాళం బెంగుళూరులో, ఇంట్లో బీరువాలో.

మేము చేరేసరికి తల్లి అద్దానికి చేతులానించి, "నొక్కు కన్నా, మళ్ళీ నొక్కు" అంటున్నది. వాడు కాసేపు నవ్వాడు, తాళం నోట పెట్టుకొన్నాడు, తరువాత దాన్ని కింద పడేశాడు. బెల్టు కట్టి వుండడం వల్ల వంగి తీయలేడు. అప్పుడు ఏడుపు లంకించుకొన్నాడు. అద్దం ఇవతలికి ఆ ఏడుపు సన్నగా, ఎక్కడో పక్కవీధిలో నుంచి వచ్చినట్లు వినబడుతున్నది.

మన దేశంలో సలహాలకు కరువు లేదు. పాత అంబాసిడరైతే స్కేలు దూర్చి తీసేవాళ్ళమన్నాడొకాయన. ఇనుపతీగ కావాలన్నాడు ఇంకొకాయన. తండ్రి కారు కంపెనీవారి సహాయ కేంద్రానికి ఫోను చేశాడు. ముప్పావు గంటలో మనిషి వస్తాడని చెప్పారట. ఆ మాటతో ఆయన ముఖంలో కొంచెం నెమ్మది కూడా కనబడింది. ఒక కుర్రవాడు ఇదంతా సెల్ ఫోనులో బొమ్మ తీస్తున్నాడు. వెనుక నుంచి ఎవరో, "పసిబిడ్డ చేతికి తాళమిస్తారా ఎక్కడైనా? ఈ కాలపు తల్లులు!" అన్నారు. ఆ మాట ఆ అమ్మాయికి వినబడింది. ఆమె చేతులు అద్దం మీద నుంచి జారిపోయినవి.

టెంకాయలమ్మే ముసలమ్మ ఒకతె గంప దించి ముందుకు వచ్చింది. లోపలి పిల్లవాణ్ణి చూచింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకొని వున్నది. ముఖం కందిపోయింది. "ముప్పావుగంట ఏంది సామీ? అద్దం పోతే ఇంగోటి వస్తాది. బిడ్డ వస్తాడా? పగలగొట్టు!" అన్నది.

యాత్రికులను తీసుకువచ్చిన బస్సు డ్రైవరు ఒకాయన అప్పటికే చక్రాల మరలు విప్పే ఇనుప స్పానరు తెచ్చాడు. ముందటి పెద్ద అద్దం మీద కొట్టబోయిన వాణ్ణి ఆపి, అది పగుళ్ళిస్తుందే గాని ఊడి రాదన్నాడు. పిల్లవాడికి అన్నిటికన్న దూరంగా వున్న తలుపు అద్దం ఎంచుకొన్నాడు. మా ఆవిడ తల్లి పక్కన చేరి, "అమ్మాయీ, వాడు మన వేపే చూడాలి, పాట పాడు" అన్నది. ఆమెకు గొంతు పెగలలేదు. మా ఆవిడే అందుకొన్నది. ఇద్దరూ కలిసి చప్పట్లు కొడుతూ వుంటే వాడు ఏడుస్తూనే ఇటు తిరిగాడు. డ్రైవరు అద్దం మీద తన తుండు కప్పి, నడిమధ్యన కాక మూల మీద కొట్టాడు. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకు అద్దమంతా పటిక బెల్లం పలుకుల్లా రాలింది. కారు గోలపెట్టి కూసింది. ఎవరూ లెక్కచేయలేదు.

బయటికి తీసిన పిల్లవాణ్ణి చింతచెట్టు నీడకు తెచ్చి, చొక్కా విప్పి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచారు. కొంచెం కొంచెంగా నీళ్ళు తాగాడు. తల్లి మెడ పట్టుకొని వదలలేదు. నా గడియారం ప్రకారం మేము వచ్చిన తరువాత గడిచింది 12 నిమిషాలు.

ఆ 12 నిమిషాలు ఎంత పెద్దవో ఇంటికి వచ్చి చదివిన తరువాత తెలిసింది. అమెరికా వైద్యులు 2005లో ప్రకటించిన పరిశోధన ఒకటి వున్నది. ఎండలో నిలిపిన కారులో గంటకు సగటున 22 సెల్సియస్ డిగ్రీల వేడి పెరుగుతుందట. అందులో నూటికి 80 వంతులు మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించి వుంచినా పెద్ద తేడా లేదట. ఆ లెక్కన బయట 38 వుంటే అరగంటలో లోపల 55 దాటుతుంది. పసివాళ్ళ శరీరం పెద్దవారి శరీరం కన్న మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలు చేరితే అది వడదెబ్బ. ముప్పావుగంట అనే మాటకు అర్థం ఇదీ! మా ప్రయాణమైన మరుసటి నెలలోనే, 2025 మేలో, విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకొంటూ నిలిచి వున్న కారెక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి బయటికి రాలేక మరణించారు. ఆ వార్త చదివినరోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మళ్ళీ చింతచెట్టు నీడకు వస్తాను. పిల్లవాడు తేరుకోగానే తండ్రికి కోపం వచ్చింది. భయం తీరిన తరువాత వచ్చే కోపం అది. "నీకు ఎన్నిసార్లు చెప్పాను..." అని మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి తల వంచుకొన్నది. అప్పటికే తనకు తాను వేసుకొన్న శిక్ష ఆమె ముఖంలో వున్నది. ఇంకొకరు వేయవలసింది మిగలలేదు. గోడ మీది ఎర్రమరకలు నాకు గుర్తుకు వచ్చినవి. మా ఆవిడ, "నాయనా, ముందు బిడ్డను డాక్టరుకు చూపించు. లెక్కలు ఇంటికి వెళ్ళి చూసుకోవచ్చు" అన్నది. ఆయన నోరు మూసుకొని, వూళ్ళోని ఆస్పత్రికి దారి అడిగాడు. పిల్లవాడికి ప్రమాదమేమీ లేదని చెప్పారట.

డ్రైవరుకు డబ్బివ్వబోతే తీసుకోలేదు. ముసలమ్మ చీపురు తెచ్చి గాజుపలుకులన్నీ వూడ్చింది. గుడికి వచ్చేవారు చెప్పులు విడిచి నడిచే చోటు అది.

సాయంత్రం వూరి మొగదల నందిని చూచాము. ఒకే రాతిలో మలచిన ఆ మహావృషభం గుడి వేపే తలెత్తి చూస్తూ వుంటుంది. నాలుగు వందల ఏళ్ళు దాటినా మెడలోని గంటల పేరు నిన్న చెక్కినట్లు వున్నది.

లేపాక్షి వెళ్ళదలచినవారు ఉదయమే వెళ్ళండి. పది దాటితే పాదాలు కాలుతవి. పిల్లలతో కారులో వెళ్ళేవారు తాళం ఒకరి దగ్గరా, రెండో తాళం ఇంకొకరి దగ్గరా వుంచుకోండి. పిల్లవాడి చేతికి గిలక ఇవ్వండి, తాళం వద్దు. ఇంటి దగ్గర నిలిపిన కారుకైనా తాళం వేసి వుంచండి. ఎక్కడైనా ఇటువంటి గుంపు కనబడితే ఒకరు 112కు ఫోను చేయండి. బిడ్డ వాడిపోతున్నట్లు కనబడితే ఎవరి కోసమూ ఆగకుండా, దూరపు అద్దం మూల మీద కొట్టండి. అడగవలసినవి ఏమైనా వుంటే తరువాత నీడలో కూర్చొని అడగవచ్చు.