మూడు వందల సారెలు



'సారె' అన్న మాట వినగానే ఆడపిల్లతో అత్తవారింటికి పంపే కావిళ్ళే నేటివారికి స్ఫురిస్తాయి. నిఘంటువు తెరిస్తే దానికి మరొక అర్థం కూడా కనబడుతుంది: జూదపు కాయ. పచ్చీసు పటం మీద నడిచే పావు. ఈ రెండో రకం సారెలను మూడు వందలు చేయించే బాధ్యత గత సంవత్సరం నా నెత్తిన పడింది.

ఆలోచన అమెరికాలో ఉన్న మా అబ్బాయిది. అక్కడ పోకర్ ఆడేవారు పందెపు లెక్కకు వాడే బిళ్ళలను కొందరు కలిసి, తమకు నచ్చిన బొమ్మతో, రంగులతో ప్రత్యేకంగా చేయించుకుంటారట. ఒకరు పూనుకొని పేర్లు రాసుకుంటారు, సొమ్ము పోగుచేస్తారు, సరుకు రాగానే లెక్కపెట్టి ఎవరివి వారికి పంపుతారు. "పేకాట మీకు గిట్టదు కదా నాన్నగారూ, ఈ పద్ధతిలో మన పచ్చీసు కాయలు చేయించండి" అన్నాడు. నాతోపాటు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుల కుటుంబాలు, మావాళ్ళు కలిసి పద్దెనిమిది ఇళ్ళయ్యాయి.

చేయించదలచింది ఏటికొప్పాకలో. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు 2022 వరకు విశాఖపట్నం జిల్లాలోది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోది. మన చిన్ననాటి లక్కపిడతలకు పుట్టినిల్లు. 2017లో ఇక్కడి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇంటికి నాలుగు రంగులు, రంగుకు నాలుగు కాయలు. పద్దెనిమిది ఇళ్ళకు 288. పోయినా పగిలినా ఉంటాయని రంగుకు మూడేసి అదనం, వెరసి 300. ఇంటికి 400 రూపాయలు, అందులో సగం బయానా.

చిక్కు ఇక్కడే వచ్చింది. మాలో ఒక మిత్రులు, జీవితమంతా లెక్కలు బోధించినవారు, "మాస్టారూ, మూడు వందలు ఒక్కసారే చేయిస్తున్నాం. ధర తగ్గించమని అడగరేం?" అన్నారు. ప్రశ్న సబబైనదే. పోకర్ బిళ్ళల విషయంలో అది చెల్లుతుంది కూడా. బొమ్మ గీయించడానికి, యంత్రం సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిదే. పంచుకునేవారు పెరిగినకొద్దీ తలకు పడే భాగం తగ్గుతుంది.

ఏటికొప్పాక కాయకు అచ్చు లేదు. అంకుడు కర్ర ముక్కను తరిమెన మీద, అంటే ఇప్పటివారి మాటలో లేత్ మీద, ఎక్కించి ఉలితో చెక్కాలి. అది తిరుగుతుండగానే రంగులక్క కడ్డీని అదిమిపెడితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. ఆపైన మొగలి ఆకుతో నునుపు తేవాలి. మూడువందల కాయకూ మొదటి కాయకు పట్టినంత శ్రమే. బేరమాడితే తగ్గేది ఖర్చు కాదు, పనివాడి కూలి.

మరి అందరం కలిసి ఏం బావుకున్నాం? రంగు. పసుపు కొమ్ముతో, జాఫ్రా గింజలతో, నీలిమందుతో తీసే రంగులు ఒకసారి వచ్చినట్టు మరొకసారి రావు. ఒకే విడతలో కలిపిన లక్క కనుక పద్దెనిమిది ఇళ్ళ పసుపూ ఒకటే పసుపు. పనివానికి దక్కిన లాభం కొన్నాళ్ళపాటు నికరమైన పని.

ఇదంతా విన్నవించాను. ధర అడగనన్నాను. ఆ మిత్రులు తమ పేరు కొట్టివేయమన్నారు. కొన్ని వారాలపాటు సాయంకాలపు నడకకు కూడా రాలేదు. ముప్పయ్యేళ్ళ స్నేహం 400 రూపాయల దగ్గర నిలిచిపోవడం నాకు నిద్రపట్టనివ్వలేదు. అయినా అప్పటికే బయానా ఇచ్చాం, కర్ర కోశారు. వారి భాగం నేనే వేశాను.

సరుకు వచ్చాక మా వసారాలో చాప పరిచి లెక్కపెట్టాం. 300కు 300 ఉన్నాయి. ఏ రెండూ అచ్చు ఒక్కలా లేవు. ఒకదాని మెడ సన్నం, ఒకదాని బుగ్గ లావు. ఆ మిత్రుల పదహారు కాయలను కూడా సంచిలో పోసి పేరు రాసి బీరువాలో ఉంచాను. వారు నడకకు మళ్ళీ వస్తున్నారు. సంచి మాట నేనెత్తలేదు. వేసవి సెలవులకు వారి మనవరాలు వస్తుంది. ఆ పిల్ల చేతికిస్తే కాదనేవారెవరు?

మీలో ఎవరైనా ఇటువంటి పనికి పూనుకుంటే ఒక్క మనవి. లెక్కల పుస్తకం అందరి ముందూ తెరిచి ఉంచండి. పనివాడి కూలిని మాత్రం బేరంలో పెట్టకండి.