ఆటలమ్మ మరల వచ్చిన నాడు

అమ్మోరు పండుగ సమీపించుచున్నది. వేపమండలతో చల్లని తల్లిని కొలువబోవు ఈ వేళ, మా యింట జరిగిన యొక తప్పిదమును దాచక చెప్పుకొనవలెనని తలంచితిమి.

2018వ సంవత్సరమున మా తల్లిగారికి 82 ఏండ్లు. ఒకనాడు వీపున ఒక ప్రక్క నిప్పు పెట్టినట్లు మంట పుట్టెను. మూడవ నాటికి నడుము చుట్టి పొక్కులు వరుస కట్టెను. అంతకు ముందు వారమే పొరుగింటి పసివానికి ఆటలమ్మ పోసినది. మా మనస్సు తత్క్షణమే ఆ యింటి వైపు పరుగిడెను. "బిడ్డను ఇంట నుంచక భజనకేల తెచ్చిరి?" అని నలుగురిలో అంటిమి. వారు మారుపలుకక లేచి వెళ్ళిరి.

వైద్యుడు చూచి, ఇది సర్పి యనెను. బాల్యమున ఆటలమ్మ తగ్గినను దాని వైరస్ దేహమును విడిచిపోదు. వెన్నెముక చెంతనున్న నాడీకణముల ముడులలో నిద్రించును. వార్ధక్యమున దేహరక్షణ సడలినపుడు మేల్కొని, నాడి వెంట చర్మమునకు దిగివచ్చును. "ఏడవ యేట కాంపులో వేపాకుల మీద పడుకొంటిని" అని మా తల్లిగారు జ్ఞాపకము చేసికొనిరి. అనగా 75 ఏండ్లుగా ఆ అతిథి వారిలోనే యుండెను. పొరుగువారు తెచ్చినది గాదు. పైగా, ఆ పొక్కుల వలన ఆటలమ్మ ఎన్నడును పోయనివారికి అది సోకవచ్చునట. ఆ యింటి కోడలు అప్పుడు నిండు గర్భిణి! మేము నిందించిన యింటికి మా యింటి నుండియే ఆపద పొంచియుండెను.

ఆ సాయంకాలమే వారి గడప వద్ద నిలిచి క్షమాపణ వేడితిమి. "కోడలికి చిన్ననాడే పోసినది, భయము లేదు" అని ఆ యింటి పెద్దమ్మ మాకు తేనీరు తెచ్చి యిచ్చెను.

మానవ రోగములలో మశూచి యొక్కటియే లోకమును పూర్తిగా విడిచినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను ప్రకటించెను. అది మనుష్యులలో దప్ప వేరెక్కడను నివసింపదు, కోలుకొన్నవారిలో దాగియుండదు. కావున టీకా దానిని గెలిచెను. తక్కినవి అట్లు గావు. మన ద్వీపమున 2005–06లో కీళ్ళను వంచిన చికున్‌గున్యా 2025లో మరల తలయెత్తెను. 2020 మార్చిలో వచ్చిన కరోనా ఆలయ ద్వారములను మూయించి, పిమ్మట నిత్యజీవితములో కలిసిపోయెను.

అన్ని రోగములను తరిమినను ఆయువునకు మేర లేకుండునా? ఫ్రాన్సు దేశపు జాన్ కాల్మాన్ 122 ఏండ్లు జీవించి 1997లో కన్నుమూసెను. అంతకు మించి జీవించినట్లు నిర్ధారణ యైనవారు లేరు. వయస్సుతో మరణావకాశము హెచ్చవేతగా పెరుగునని బెంజమిన్ గాంపెర్ట్జ్ అను గణితజ్ఞుడు 1825లోనే చూపెను. నడివయస్సు నుండి సుమారు ఎనిమిదేండ్లకొకమారు అది రెట్టింపగును. మన పెద్దలు "నూరేండ్లు చల్లగా ఉండు" అని దీవింతురు. నూరు మన చేత లేదు. చల్లగా నుంచుట కొంత మన చేతనున్నది.

సర్పి మంట మా తల్లిగారిని నెలల తరబడి వేధించెను. అయినను మరుసటి యేటి అమ్మోరు పండుగనాడు ఆ కోడలి బిడ్డను ఒడిలో నుంచుకొని ఆలయమున కూర్చుండిరి. 2021లో, 85వ యేట, వారు కన్నుమూసిరి. ఆ దినమున మా యింట మొదట అడుగిడినవారు ఆ పొరుగువారే.

పెద్దలారా, సర్పికి టీకా కలదు. మీ వైద్యుని అడుగుడు. పొక్కులున్నవారు అవి ఎండువరకు ఇంటనే యుండుడు. పూలకుండీల పళ్ళెములలో నీరు నిలువనీయకుడు. పొరుగింట జ్వరమని విన్నపుడు ముందుగా చారన్నము పంపుడు, నిందింప తొందరపడకుడు.