నల్లా వచ్చే లోపు ఒక పేజీ

2 జనవరి 2024, మంగళవారం, కరీంనగర్

చిన్నోడి తెలుగు కాపీ చివర టీచర్ రాసి పంపింది: చేతిరాత బాగుపడాలి, ఇంట్లో రోజూ రాయించండి. ఫోటో తీసి ఆదిలాబాద్‌లో బ్యాంకు నౌకరీ చేసే మా ఆయనకు పంపిన. "రోజు అరగంట కూసోబెట్టు, అదే వస్తది" అని జవాబు. ఆ అరగంట ఎక్కడ దాక్కున్నదో ఆయన చెప్పలేదు. సోమవారం యూనిఫాంలు, వారం బట్టలు. మంగళవారం బాత్రూములు. బుధవారం దుప్పట్లు, దిండు గలేబులు. గురువారం ఇల్లు కడుగుడు. శుక్రవారం గడపకు పసుపు, దేవుని అర్ర, వాకిట్లో పెద్ద ముగ్గు. శనివారం ఆయన వస్తడు కాబట్టి వంట రెండింతలు. ఆదివారం కూరగాయలు, కిరాణా, డబ్బాలు నింపుడు. వీటి మీద రోజూ ఉండే బోళ్లు, ఊడ్చుడు, టిఫిన్ డబ్బా, అత్తమ్మ బీపీ గోళీలు.

రెండో తరగతి పిల్లగాని రాత కూడా వచ్చి ఈ పట్టికలోనే చేరింది. ఎవరి పేరు మీద చేరిందో అడగాల్సిన పని లేదు.

5 జనవరి, శుక్రవారం

సర్కారు పథకాలకు పెట్టే ప్రజాపాలన దరఖాస్తులకు రేపే ఆఖరు. డిసెంబర్ 28 నుంచి ఊరంతా జిరాక్స్ సెంటర్ల ముందే ఉన్నది. కింది పోర్షన్ ఆమె, ఇస్త్రీ బండి ఆమె, ఆమె చెల్లె, అందరూ ఫారాలు పట్టుకొని మా ఇంటికే వచ్చిండ్రు. నెలకు 2500, 500కు గ్యాస్ బండ, 200 యూనిట్ల కరెంటు, ఇందిరమ్మ ఇల్లు, పింఛన్. ఒక్కోటి నింపేటప్పుడు ఒక్కో ఇంటి కథ వినాలె. ఆధార్ నంబర్లు చూసి చూసి రాసేసరికి నా రాత కొంకర్లు పోయింది. పక్కన నిలబడి చూస్తున్న చిన్నోడు, "మమ్మీ, నీది మా టీచర్‌కు చూపెట్టాల్నా?" అన్నడు. ఇస్త్రీ ఆమె పడి పడి నవ్వింది.

అత్తమ్మ ఫారం మీద వేలిముద్ర వేస్తే అయిపోయేది. వేయలేదు. కళ్లద్దాలు తెప్పించుకొని, ఫారం ఒళ్లో పెట్టుకొని, పేరులో ఒక్కో అక్షరం అచ్చు గుద్దినంత నిదానంగా పెట్టింది. ఎప్పుడో రాత్రిబడిలో నేర్చుకున్నది. తర్వాత పొదుపు సంఘం రిజిస్టర్‌లో నెలనెలా పెట్టి పెట్టి నిలుపుకున్నది. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే నేను తొందర పెట్టబోయిన. "పప్పు దించుకొని రాపో" అన్నది.

9 జనవరి, మంగళవారం

బాత్రూములు రేపటికి జరిపి కాపీ ముందేసుకొని చూసిన. తప్పులు కావు, తీరే అట్లున్నది. "ప"కు తల తెరిచి ఉండాలె, తలకట్టు విడిగా ఉండాలె. "వ"కు తల మూసుకొని తలకట్టు అతుక్కోవాలె. వీడి చేతిలో రెండూ ఒకటే. "మ", "య" తోకలు ఎటు లేస్తయో వాటికే తెలియదు. ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కకు వచ్చి ఇంకో అక్షరమై కూసుంటున్నయి. "అమ్మ" అని రాస్తే రెండో "మ" మొదటి "మ"కు చెల్లెలెక్క పక్కన నిలబడ్డది.

సగం తప్పు కాపీది. వీడు తెలుగు కూడా నాలుగు గీతల కాపీలో రాస్తున్నడు. ఆ గీతలు ఇంగ్లిష్ రాత కోసం పుట్టినవి. మనకు పైన గుడికి చోటు కావాలె, కింద ఒత్తుకు చోటు కావాలె. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికే మీదా కిందా ఎంత జాగా పడుతదో రాసి చూస్తే తెలుస్తది. 2018 చట్టంతో తెలంగాణలో అన్ని బళ్లలోనూ తెలుగు తప్పనిసరి అయింది, మంచిదే. కాపీ గీతల సంగతి ఏ చట్టంలోనూ ఉండదు గదా. టవర్ సర్కిల్ దిక్కు పోయినప్పుడు రెండు గీతల కాపీ, ఒట్టి గీతల కాపీ, రెండూ తేవాలె.

ఇంకోటి. పెన్సిల్‌ను పిడికిట్లో బిగించి పడుతున్నడు. బొటనవేలు గోరు తెల్లబడుతున్నది. రెండు వరుసలు రాసేసరికి చెయ్యి దులుపుకుంటడు. బద్ధకం అని తిట్టేవాళ్లు ఉంటరు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏండ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటి గట్టిపడతది. ఆఖరుదానికి తొమ్మిది పది దాటొచ్చు, పన్నెండేళ్లూ పట్టొచ్చు. ఏడేళ్ల పిల్లగాని చెయ్యి ఇంకా తయారవుతున్న చెయ్యి. పేజీలు పెంచితే నొప్పి పెరుగుతది, అంతే.

11 జనవరి, గురువారం

ఇల్లు కడుగుడు బంద్. సకినాల రోజు. నిన్న నానబోసిన కొత్త బియ్యం పొద్దున్నే గిర్నీ పట్టించుకొచ్చిన. నువ్వులు, వాము, ఉప్పు వేసి అత్తమ్మ పిండి కలిపింది. ఎక్కువ నీళ్లయితే చుట్టు జారుతది, తక్కువైతే విరుగుతది. పాత చీర పరిచి కింది పోర్షన్ ఆమె, నేను చుట్టుడు మొదలుపెట్టినం.

చిన్నోడు "నేను, నేను" అని వచ్చి కూసున్నడు. నేను వద్దనేదాన్నే, పిండి పాడుచేస్తడని. అత్తమ్మ అంత పిండి ముద్ద వాని చేతిలో పెట్టి, "బొటనేలు, సూపుడేలు, నడిమేలు. మిగిలినయి ముడువు. తిప్పుకుంట పోవాలె, ఒత్తొద్దు" అన్నది. మొదటి చుట్టు తెగింది. రెండోదీ తెగింది. తెగిన ముక్కలన్నీ ఒక మూలకు వేసి మళ్లీ మళ్లీ చుట్టిండు. ఒక్క సకినం రెండు చుట్లు వచ్చింది, వంకరగా. దాన్ని అందరికీ చూపెట్టి, నూనెలో వేసేటప్పుడు దగ్గర నిలబడి, వాని సకినం వానికే ఇవ్వాలని మాట తీసుకున్నడు.

పెన్సిల్ పట్టుకునేది ఆ మూడు వేళ్లతోనే. అత్తమ్మకు ఆ సంగతి తెలిసి అన్నదో, సకినాల సంగతే అన్నదో నేను అడగలేదు. రాత్రి కాపీ తీయమనలేదు.

13 జనవరి, శనివారం

తమ్ముడు అమెరికా నుంచి ఫోన్ చేసిండు. వాళ్లుండే కాలిఫోర్నియాలో ఈ జనవరి నుంచి ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా కలిపిరాత నేర్పాలని చట్టం తెచ్చిండ్రట. పోయిన అక్టోబర్‌లో గవర్నర్ సంతకం పెట్టిండు. ట్యాబులు చేతికిచ్చిన దేశంలోనే మళ్లీ పెన్సిల్. వాళ్ల బిడ్డకు కూడా రాత బాగలేదట. "అక్కా, నువ్వెట్ల చేస్తున్నవ్?" అని అడిగిండు. సకినాలు చుట్టిపిస్తున్న అని చెప్పిన. జోక్ అనుకున్నడు.

16 జనవరి, కనుమ

మటన్. బోళ్లు. నిద్ర.

19 జనవరి, శుక్రవారం

ముగ్గు నేనేసిన, చుక్కలు వాడు పెట్టిండు. మొదట వరుస వంకర పోయింది. తర్వాత వాడే ఒక చుక్క పెట్టి వెనక్కి జరిగి చూసుకొని ఇంకోటి పెట్టుడు మొదలుపెట్టిండు. సందు సమానంగా ఉండాలని నేను కాపీ మీద ఎన్నిసార్లు చెప్పిన్నో. వాకిట్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. చుక్కల చుట్టూ మెలిక తిప్పేటప్పుడు పిండి ఎక్కడా ఆపొద్దు, ఆపితే మచ్చ పడతది. అది చూసి, "మమ్మీ, నేను 'ఈ' రాసేటప్పుడు నడిమిట్ల ఆపుతున్న" అన్నడు.

స్కూల్ బస్ హారన్ కొట్టింది. చేతులు కడగకుండనే ఉరికిండు.

22 జనవరి, సోమవారం

ఒక పద్ధతి కుదిరింది. పొద్దున నల్లా వచ్చే టైముకు ముందు వాడు కాపీ పట్టుకొని వంటింటి గడప మీద కూసుంటడు. నల్లా రాగానే డ్రమ్ము కింద పైపు పెడతం. డ్రమ్ము నిండేలోపు ఎంత రాస్తే అంత. నిండినంక ఒక్క అక్షరం కూడా రాయొద్దు, మధ్యలో ఉన్నా సరే. సాయంత్రం నేను బట్టలు మడత పెట్టేటప్పుడు ఇంకో నాలుగు వరుసలు. జేబు రుమాళ్లు, సాక్సులు వాడే పిండుతడు, అది చేతికి. చిక్కుడుకాయ ఈనెలు తీసుడు వేళ్లకు. నా పని కొంచెం తగ్గింది అనలేను, పిండిన రుమాళ్లు మళ్లీ నేను పిండాలె. అయినా అరగంట కోసం వెతుకులాట ఆగింది.

వారానికి రెండే అక్షరాలు. ఈ వారం "ప", "వ".

27 జనవరి, శనివారం

ఆయన వచ్చిండు. కాపీ తిరగేసి, "జర మంచిగనే అయింది, చెప్పిన గదా అరగంట" అన్నడు. నేనేం అనలేదు. భోజనాలయినంక ఫోన్‌లో చదివి వినిపించిన: జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97. పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకునే పని వేరే లెక్క: ఆడవాళ్లు 134, మగవాళ్లు 76.

నాకొచ్చిన అనుమానం ఒకటే. నా చేతిలో గరిటె, కళ్లు కాపీ మీద, చెవి నల్లా మీద. దీన్ని ఏ లెక్కలో వేస్తరు?

"నేను ఆడ ఒక్కణ్నే వండుకుంట గదా" అన్నడు ఆయన. నిజమే. శుక్రవారం దాకా వేసుకున్న అంగీలన్నీ సంచిలో ఇక్కడికే తెస్తడన్నది కూడా నిజమే. అత్తమ్మ సంచి దిక్కు చూసి లోపలికి పోయింది.

1 ఫిబ్రవరి, గురువారం

ఇల్లు కడిగిన. నడుము.

10 ఫిబ్రవరి, శనివారం, ఆదిలాబాద్

రెండో శనివారం సెలవు. ఈసారి ఆయన రావుడు కాదు, మేమే పోయినం. డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం. కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇచ్చిండు. జగిత్యాల దాకా నిలబడే వచ్చిన. ఉచితం గురించి ముక్కు విరిచేవాళ్లు ఒక్కసారి ఆ బస్సులో ఆడవాళ్ల మాటలు వినాలె. సగంమంది ఏండ్ల తర్వాత తల్లిగారింటికి పోతున్నోళ్లు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే చిన్నోడు తెలుగు, ఇంగ్లిష్ బోర్డులన్నీ పైకి చదివిండు. ఉర్దూ దగ్గర ఆగిండు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తరంటే నమ్మలేదు. గాలిలో వేలితో అటునుంచి ఇటు రాసి చూసుకున్నడు.

గదిలో ఆయన బట్టలు ఆయనే ఉతికి ఆరేసి ఉన్నయి. కాలర్లు చూసిన, మట్టి అట్లనే ఉన్నది. బాగున్నయన్న.

సాయంత్రం నన్ను కుర్చీలో కూసోబెట్టి, "నువ్వు వానితో రాయించు, వంట నేను చేస్త" అన్నడు. ఇన్నాళ్లకు నిజంగా అరగంట దొరికింది, చేతిలో వేరే పని లేకుండా. నేను వాని ముక్కు మీదనే కూసున్న. వాడు ఒక్కో అక్షరానికీ తలెత్తి నా మొహం చూసుడే. రబ్బర్ తీసుడు, చెరుపుడు, మళ్లీ చూసుడు. పేజీకి బొక్క పడ్డది. గడప మీదనే నయం.

11 ఫిబ్రవరి, ఆదివారం

కెస్లాపూర్ పోయినం, గోండుల నాగోబా జాతర. మొన్న పుష్య అమావాస్య నాడు మొదలైంది. మెస్రం వంశం వాళ్లు జన్నారం దిక్కు గోదావరి నుంచి కాలినడకన తెచ్చిన నీళ్లతో దేవునికి అభిషేకం చేస్తరు. ఊరు దగ్గరపడేకొద్దీ జనమే జనం.

ఆయన బ్యాంకులో పనిచేసే గోండు సారు అక్కడ కలిసిండు. చిన్నోడు కాపీ రాస్తడని విని, వాని పేరు గోండీలో రాసి చూపెట్టిండు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని లిపి అది. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు, తోటివాళ్లు ఊరి పెద్దల దగ్గర కూసొని చదివించి బయటికి తెచ్చిండ్రు. 2018లో యూనికోడ్‌లో చేరింది. అంతకుముందు 1940లలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు పిల్లలకు బడి పెట్టినప్పుడు వాచకాలు నాగరి లిపిలో అచ్చేసిండ్రట. సొంత లిపి అప్పుడు కొన్ని ఇండ్లలో మూటల్లో ఉన్నది. గుంజాలలో ఆ లిపి చదవగలిగినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే మిగిలిన్రని సారు అన్నడు. తన బిడ్డకు సారే ఇంట్లో నేర్పుతున్నడట, ఆదివారాలు.

మా ఆయన ఆ మాట విన్నడు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఎక్కువ మాట్లాడలేదు.

14 ఫిబ్రవరి, బుధవారం, కరీంనగర్

వసంత పంచమి. కింది పోర్షన్ వాళ్లు చిన్నబిడ్డ అక్షరాభ్యాసానికి బాసర పోయిండ్రు. చిన్నోడికీ అక్కడే చేయించినం. పంతులు వాని చెయ్యి పట్టుకొని పలక మీద దిద్దించిండు, వాడు బలపం నోట్లో పెట్టుకున్నడు. ఇయ్యాల అటక మీది నుంచి ఆ పలక తీసి తుడిచి ఇచ్చిన. కాపీ మీద కంటే పలక మీద వాని చెయ్యి వదులుగా ఉంటున్నది. చెరిపితే పోతదన్న ధైర్యం కావచ్చు. బలపం కాగితం మీద పెన్సిల్‌లెక్క జారదు, కొంచెం గీరుకుంటది. ఎంత ఒత్తాల్నో చేతికి తెలుస్తది. ఇక నుంచి కొత్త అక్షరం ముందు పలక మీద, తర్వాతే కాపీలో.

దుప్పట్లు తడిపిన, ఎండ లేదు.

19 ఫిబ్రవరి, సోమవారం

పోస్ట్‌కార్డ్ వచ్చింది. యాభై పైసల కార్డ్ ఇంకా దొరుకుతదని నాకే తెలియదు. ఆదిలాబాద్ నుంచి, చిన్నోడి పేరు మీద, వాళ్ల డాడీ రాసిండు. చలి ఇంకా తగ్గలేదని, పత్తి బండ్లు రోడ్డు మీద బారులు తీరినయని, వారం వారం ఒక కార్డ్ రాస్తనని, జవాబు రావాలని. చిన్నోడు చదివిండు. ఒకచోట ఆగిండు. మళ్లీ చదివిండు. "డాడీ 'ష', 'ప' లెక్కనే రాసిండు. పొట్టలో గీత కొట్టలే. చెప్పాలె" అన్నడు.

22 ఫిబ్రవరి, గురువారం

మేడారం జాతర. బస్సులన్నీ అటే. ఈ శనివారం రాలేనని ఆయన ఫోన్ చేసిండు. అమ్మవార్లకు బంగారమంటే బెల్లమే. అత్తమ్మ ఇక్కడే తూకం వేయించుకున్నది, ఒక బకెట్. ఇల్లు కడిగేది రేపు, ముగ్గుతో కలిపి.

డ్రమ్ము నిండేలోపు జవాబు రాస్తనని చిన్నోడు గడప మీద కూసున్నడు. నాలుగు వాక్యాలు, "ష" గురించి ఒకటి. ఒత్తులు కిందనే ఉన్నయి, ఒక్కటి మాత్రం అంచు దాటింది. పిన్‌కోడ్ డబ్బాల్లో 504001 వాడే నింపిండు. అడ్రస్ మాత్రం నన్ను రాయమన్నడు. పోస్ట్‌మాన్‌కు అర్థం కావాలె గదా అని.