చెట్టు ముందా, లైను ముందా

పొద్దున్న ఆరున్నరకల్లా రమ్మన్నారు లైన్‌మన్ గారు. అంబాజీపేట దాటాక కాలవ గట్టు వెంట లోపలికి తిరిగితే మూడో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంటామన్నారు. ఎవరింటికి దారి చెప్పినా ఆయనది ట్రాన్స్‌ఫార్మర్ల లెక్కే. నేను వెళ్లేసరికి ట్రాలీ ఆటోలోంచి సామాను దింపుతున్నారు. కొసన కొడవలి కట్టిన వెదురు దోటి, ఒక రంపం, రెండు కత్తులు, లావుపాటి నైలాన్ తాళ్లు, ఎర్తింగ్ రాడ్లు. జూనియర్ లైన్‌మన్ కుర్రాడొకడు, ముగ్గురు కూలీలు, వాళ్లకి కాస్త ఎడంగా భుజాన మోకు వేసుకుని కొబ్బరి దింపు తీసే ఆయన. మే నెల ఎండ అప్పుడే మట్టల సందుల్లోంచి కిందికి దిగుతోంది.

నేను ఈ పని చూడాలనుకోవడానికి ఒక కారణం ఉంది. నిరుడు జూన్‌లో ఒక రాత్రి గాలివాన పట్టుకుంది. మా పెద్దమ్మకి ఊపిరి అందక ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టి అప్పటికి ఆర్నెల్లు. పదకొండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ రెండు గంటలు లాగింది. ఆ తర్వాత ఆవిణ్ని కారులో పడుకోబెట్టి ఆ వానలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. తెల్లారాక తెలిసింది, లైను మీద పడ్డ మట్ట మా దొడ్లో చెట్టుదేనని. అంతకు నెల ముందు కొమ్మలు కొట్టడానికి వచ్చినవాళ్లని "గెలలున్నాయి, దింపయ్యాక రండి" అని తిప్పి పంపింది మేమే. పెద్దమ్మ కోలుకుంది. నేను మాత్రం ఆ మాట మరిచిపోలేకపోయాను.

లైన్‌మన్ గారు ఫోన్ తీసి సబ్‌స్టేషన్‌కి చేశారు. ఫీడర్ పేరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఇటొచ్చే లైను పేరు చెప్పి ఎల్‌సీ అడిగారు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. అవతల షిఫ్ట్ ఆపరేటర్ బ్రేకర్ తీసి, ఐసొలేటర్ విప్పి, 'మనుషులు పనిచేస్తున్నారు, ఆన్ చేయరాదు' అన్న బోర్డు ప్యానెల్‌కి తగిలించి, లాగ్‌బుక్‌లో పేరూ టైమూ రాసుకుని, ఒక నంబరు చెప్తారు. ఈయన దాన్ని తన పుస్తకంలో రాసుకుని, ఒక్కో అంకే తిరిగి చదివి వినిపించారు. ఎల్‌సీ ఎవరు తీసుకుంటే వాళ్లే తిరిగివ్వాలి. ఇంకెవరు ఫోన్ చేసి "పనైపోయింది, కరెంటు ఇచ్చేయండి" అన్నా ఆపరేటర్ ఇవ్వకూడదు. స్తంభం మీదున్న మనిషి ప్రాణం ఆ నియమం చేతిలోనే ఉంటుంది.

అంతటితో సరిపెట్టుకోలేదు. స్తంభం మీద లైన్ని విడదీసే ఏబీ స్విచ్ హ్యాండిల్ లాగి తాళం వేశారు. తలెత్తి మూడు బ్లేళ్లూ విడిపోయాయా అని వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. "ఒక్కోసారి రెండు ఊడి, ఒకటి అతుక్కునే ఉంటుందండి. హ్యాండిల్ కిందికి దిగింది కదా అనుకుంటే అంతే." ఆ తర్వాత లైన్లో కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, పనిచేసే చోటికి అటూ ఇటూ ఎర్తింగ్ రాడ్లు తగిలించారు.

"సబ్‌స్టేషన్‌లోనే తీసేశారు కదండీ, మళ్లీ ఇదెందుకు?" అన్నాను.

"ఆయ్, ఎవరో ఒకరింట్లో జనరేటర్ ఉంటుంది కదండీ. వాళ్ల వైరింగ్ తేడాగా ఉంటే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కేస్తుంది. అక్కడ 230 వోల్టులు, ఇక్కడికొచ్చేసరికి 11 వేలు. సబ్‌స్టేషన్ ఆయన తప్పు ఉండదు, మన తప్పూ ఉండదు. మనిషి మాత్రం ఉండడు."

పని మొదలుపెట్టేసరికి ఏడుంబావు అయింది. ముక్కాలు గంట జాగ్రత్తలకే పోయింది. కరెంటు తీసి ఇంతసేపైనా ఒక్క కొమ్మ కూడా పడలేదేమిటని గేటు దగ్గర ఒకాయన విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ ముక్కాలు గంటే అసలు పనిలా కనిపించింది.

కోనసీమలో లైన్ల కింది పని మిగతా ఊళ్లలో లాంటిది కాదు. మామిడి కొమ్మ కొడితే పక్కనుంచి ఇంకో కొమ్మ వస్తుంది. నిద్రగన్నేరుని మోడు చేసినా చిగురిస్తుంది. కొబ్బరికి ఆ వీలు లేదు. దానికున్నది ఒక్కటే మొవ్వు. మొవ్వు తెగితే చెట్టు చచ్చినట్టే. కాబట్టి కొబ్బరిచెట్టుని పొట్టి చేయడమంటూ ఉండదు. ఉంటే మొత్తంగా ఉంచాలి, లేకపోతే మొదలంటా తీసేయాలి. మధ్యలో చేయగలిగింది మట్టలు కోయడమే. కాసే చెట్టు నెలకి ఒక మట్ట చొప్పున వేస్తూ ఉంటుంది. మట్ట పదిహేను, పదహారడుగులు సాగుతుంది. ముదిరేకొద్దీ ఒరిగి, ఎండి, చివరికి తన బరువుకి తనే రాలుతుంది. అంటే లైను పక్కనున్న ప్రతి చెట్టూ ఏడాది పొడుగునా తీగ మీదికి మట్టల్ని దించుతూనే ఉంటుందన్నమాట. ఈ మే నెలలో శుభ్రం చేసిన చెట్టు దసరాకల్లా మళ్లీ తయారు.

దింపు ఆయన కాళ్లకి బందం వేసుకుని, చూస్తుండగానే తల దగ్గరికి చేరారు. ముందు ముదురు కాయల గెలలు రెండు తాడు కట్టి దించారు. ఆ తర్వాత లైను వైపు ఒరిగిన మట్టలు మాత్రమే తీశారు. మట్ట మొదట్లో తాడు బిగించి, మూడు దెబ్బల్లో తెగేలా కత్తి వేసి, దాన్ని తీగకి అవతలి వైపు ఊయలలా తిప్పి కిందికి వదిలారు. పచ్చి మట్టల జోలికి పోలేదు. దిగాక అడిగితే ఒకే మాటలో చెప్పారు: "మట్ట చంకలోనే గెల పుడుతుందండి. పచ్చి మట్ట కోస్తే రేపటి గెల కోసినట్టే." చెట్టు యజమానులు కత్తిని చూసి ఎందుకు అడ్డం పడతారో ఆ మాటతో నాకు పూర్తిగా తెలిసింది. అడ్డం పడేది లైను మీద పగతో కాదు. గెల మీద బెంగతో.

రెండో ఇంట్లో మామ్మగారు ఉన్నారు. ఆవిడ దొడ్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి, చెట్టు నిండా కాయలు. ఒక కొమ్మ తీగకి మూరెడు దూరంలోకి వచ్చేసింది. "రెండు వారాలాగు బాబూ, కాయలు కోసుకుంటాం" అని బతిమాలుకున్నారావిడ. లైన్‌మన్ గారు విసుక్కోలేదు. కాయలు ముందు కోయించి బుట్టలో పోయించి, ఆ తర్వాత కొమ్మకి తాడు కట్టించారు. కూలీ పైనుంచి నరకబోతే ఆపి రంపం అందించారు. ముందు అడుగువైపు నుంచి కొంత కోత, తర్వాత కొంచెం ఎడంగా పైనుంచి కోత. అలా కాకుండా పైనుంచే నరికితే కొమ్మ బరువుకి బెరడు కిందిదాకా చీరుకుపోతుంది, ఆ గాయంలోంచి పురుగూ కుళ్లూ చేరతాయి. కొమ్మ దిగాక మిగిలిన మొండిని, కొమ్మ పుట్టిన చోటి ఉబ్బు తెగకుండా శుభ్రంగా కోశారు. ఆ ఉబ్బు నుంచే గాయం పూడుతుంది. చాలాచోట్ల లైను కింద చెట్ల నెత్తిని చదునుగా నరికేసి పోతారు. చూడ్డానికి పనైపోయినట్టే ఉంటుంది. ఏడాది తిరక్కుండానే ఆ మోడు నుంచి పిలకలు గుత్తులుగా లేచి తీగని అందుకుంటాయి. లైను వైపు పెరిగే కొమ్మని, పక్కకి పెరిగే కొమ్మ మొదలుదాకా వెనక్కి కోస్తే ఆ బలం పక్కకి మళ్లుతుంది. ఇది తెలిసిన చెయ్యి ఉన్న ఊళ్లో చెట్టూ నిలుస్తుంది, కరెంటూ నిలుస్తుంది. ఈ నేర్పుని చిన్న పనిగా చూడటం నాకు బాధగా ఉంటుంది.

గోడవతలి తోట రైతు వచ్చి నిలబడ్డారు. "మా నాన్న వేసిన చెట్లండీ ఇవి. మీ లైను తర్వాతొచ్చింది" అన్నారు. ఊరూరా వినపడే తగువే ఇది. చెట్టు ముందా, లైను ముందా? 2003 విద్యుత్ చట్టంలోని 68వ సెక్షన్ కూడా ఈ ప్రశ్నే వేసుకుంటుంది. లైనుకి అడ్డొచ్చే చెట్టుని తీయించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి ఇస్తూనే, లైను వేయకముందు నుంచీ ఉన్న చెట్టయితే యజమానికి పరిహారం నిర్ణయించాలంటుంది. రైతుకి ఆ సంగతి చెప్పింది లైన్‌మన్ గారే. చెప్పి, "ఈ రోజు ఎండు మట్టలు మాత్రం తియ్యనివ్వండి" అన్నారు. రైతు కాసేపు చూసి గేటు తీశారు.

నీడలో మంచినీళ్లు తాగుతుంటే ఆయన సంచిలోంచి మూరెడు తీగ ముక్క తీసి నా చేతిలో పెట్టారు. ఈ తీగలకి జంతువుల పేర్లుంటాయి. ఇది ర్యాబిట్. నడుమ ఒక ఉక్కు తీగ, చుట్టూ ఆరు అల్యూమినియం తీగలు. ఆ ఆరింటిలో రెండు తెగి, కొసలు కరిగి ఆవగింజంత గుండ్లు కట్టాయి. వేలితో తడిమితే గరుకు. తడిసిన మట్ట తగిలి, జారి, మళ్లీ తగిలి, తగిలినప్పుడల్లా నిప్పు రేగి కాల్చిన గుర్తులవి. అన్నిసార్లూ బ్రేకర్ పడదు. పచ్చి కొమ్మ గుండా పోయే కరెంటు కొన్నిసార్లు బ్రేకర్ పసిగట్టలేనంత తక్కువగా ఉంటుంది. ఆ రోజుకి ఏమీ జరగనట్టే ఉంటుంది. మిగిలిన తీగలు బరువు మోస్తూ, ఎండకీ లోడుకీ వేడెక్కి సాగుతూ, ఎప్పుడో ఒక గాలిరాత్రి తెగుతాయి.

తెగితే చీకటి ఒక్క ఇంటికే కాదు. ఫీడర్ మొత్తానికి. ఆపరేటర్ ఒకసారి చార్జ్ చేసి చూస్తారు, నిలవదు. అప్పుడిక వానలో టార్చిలైటు పట్టుకుని ఒక్కో ఏబీ స్విచ్ తీస్తూ, ఏ ముక్కలో తప్పుందో స్తంభం స్తంభం వెతుక్కుంటూ పోవాలి. ఈలోగా రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు ఆగిపోతాయి. రాత్రిపూట నీళ్లలో ప్రాణవాయువు అసలే తక్కువ. జనరేటర్ లేని రైతు చెరువులో తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలతాయి. 2003 ఆగస్టు 14న అమెరికాలో, కెనడాలో దాదాపు ఐదు కోట్లమంది చీకట్లో పడ్డప్పుడు, దాని మొదళ్లలో ఒకటి ఒహాయోలో వేడికి సాగి, వేళకి కొట్టని చెట్లని తాకిన పెద్ద లైన్లే. అంత పెద్ద దేశంలోనూ కథ కొమ్మ దగ్గరే మొదలైంది.

తోటల్లో ఇళ్లకి వెళ్లే లైన్లకి ఇప్పుడు ఏబీ కేబుల్ వేస్తున్నారు. పైన తొడుగున్న తీగల్ని మెలేసి కట్టినది. మట్ట తగిలినా నిప్పు రేగదు. కానీ చెట్టే విరిగి పడితే ఏ తొడుగూ ఆపలేదు. 1996 నవంబరు తుపానుకి కోనసీమ తోటలు నేలకొరిగిన సంగతి ఇక్కడ పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు.

తిరిగి వస్తుంటే కుర్ర జూనియర్ లైన్‌మన్ ఒక స్టే వైరు దగ్గర ఆగాడు. తిప్పతీగ స్తంభం నడుం దాటి పైకి పాకేసింది. మొదట్లో కోసి, ఎల్‌సీ ఉన్నప్పుడే పైదాకా లాగేశాడు. "వట్టప్పుడు పచ్చి తీగని లాగకూడదండి. పైకొస లైన్ని తాకి ఉంటే కరెంటు చేతిలోకి వచ్చేస్తుంది" అన్నాడు. ఏ దొడ్లోనైనా, ఎవరైనా చేసే పని అది. పిల్లలు కూడా.

పది కావస్తోంది. లైన్‌మన్ గారు మనుషుల్ని లెక్కపెట్టారు, తర్వాత కత్తుల్ని, తాళ్లని. ఎర్తింగ్ రాడ్లు తీయించి, ఏబీ స్విచ్ వేసి, తన పుస్తకంలోని నంబరు చదివి ఎల్‌సీ తిరిగిచ్చారు. అవతలి గొంతు అదే నంబరు మళ్లీ చదివింది.

అప్పుడు కనిపించింది ఆయనకి, మామ్మగారి దొడ్లో సరిగ్గా తీగల కిందే, మోకాలెత్తు కొబ్బరి మొక్క. పాదు కొత్తగా తీసినట్టుంది. "ఎవరు వేశారమ్మా?" అంటే మనవడట. పదేళ్లవాడు. ఆయన ఆ కుర్రాణ్ని పిలిచి తల పైకెత్తి తీగల్ని చూడమన్నారు. ఇద్దరూ కలిసి పది అంగలు వేశారు. పిల్లవాడి అంగలు చిన్నవని ఇంకో నాలుగు వేయించారు. కూలీ గునపంతో పాదు లోతుగా తవ్వి మొక్కని మట్టిగడ్డతో సహా ఎత్తాడు. పిల్లవాడు దాన్ని రెండు చేతుల మీద మోసుకెళ్లాడు.

లోపల ఫ్యాను తిరిగిన చప్పుడైంది. మామ్మగారు గుమ్మందాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగారు.

"అక్కడ మురుక్కాలవ ఉందిరా. ఇంకో అంగ ఇటు జరుపు."