అప్ప

మాది శ్రీకాకుళం పక్క పల్లె అని చెప్పుకోవడమే గానీ నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు ఆ ఎర్రమొరం నేల మీద జంక్షనూ వర్క్‌షాపూ కట్టాక మన వైపు నుంచి జనం పనికోసం వెళ్ళారు. వాళ్ళ వెనక చుట్టాలు, ఆ చుట్టాల వెనక బావమరదులు. మా తాత అలా వెళ్ళినవాడే. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయ్యాక కూడా ఆయన నోట చివరిదాకా అది బీఎన్నారే.

వర్క్‌షాపు కూతతో తెల్లారేది. అప్పటికే అమ్మ పొయ్యి రాజేసి ఉండేది, ఇంటింటి నుంచీ లేచిన బొగ్గుపొగ మంచులో కలిసి వీధంతా కిందికి దిగి కూర్చునేది. బొగ్గుపొడిలో బంకమట్టి కలిపి ఉండలు చుట్టి ఎండబెట్టడం వేసవిలో పిల్లల పని. గుల్ అనేవారు వాటిని అక్కడ. మబ్బు పడితే చాలు, అందరం పరుగెత్తి తట్టల్లోకి ఎత్తేవాళ్ళం, చేతిగీతల్లో ఆ నలుపు దసరాదాకా వదిలేది కాదు. పొద్దున చోడి అంబలి, సాయంత్రం కాగితం పొట్లంలో మరమరాలు, పక్కిళ్ళలో మరిగే ఆవనూనె ఘాటు, వీటి మధ్య ఎప్పుడు ఎదిగామో తెలీలేదు.

మా వరసలో నాలుగిళ్ళకు ఒకటే కుళాయి. మొదట మేము, తర్వాత ఒడియావాళ్ళు, ఆ పక్కన ఉర్దూ మాట్లాడే గార్డుగారు, చివర తమిళులు. దీపాలు పెట్టేవేళ ఏదో ఒక వాకిట్లోంచి కేక వినబడేది. మా ఇంట్లో అప్ప అంటే అక్క, ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ అంతే. ఒడియా ఇంట్లోనూ అక్కే, కాకపోతే ఒత్తు లేకుండా అపా. గార్డుగారి పిల్లలు మొదటి అక్షరం సాగదీసి ఆపా అనేవారు, అదీ అక్కే. చివరింట్లో మాత్రం అప్పా అంటే నాన్న. ఖాకీ చొక్కా, టిఫిను క్యారియరు, నైట్ డ్యూటీ కళ్ళు. ఒక్క కేకకు నాలుగు తలుపులూ తెరుచుకునేవనుకుంటారేమో, ఎప్పుడూ అలా జరగలేదు. ఏ గొంతు ఎవరిదో, ఏ సాగదీత ఎవరి కోసమో కుళాయి దగ్గర బిందెలు కడిగే ఆడవాళ్ళందరికీ తెలుసు.

మా అప్ప నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అమ్మ పొయ్యి దగ్గర, నాన్న లోకోషెడ్డులో. నేను ఎవరి చంకన ఎదిగానని అడిగితే అప్ప చంకనే అని చెప్పాలి. నీళ్ళు పట్టడానికి వెళ్ళినా నేనూ వెళ్ళాల్సిందే, ఒక పక్క నేను, ఒక పక్క బిందె. మేం ముగ్గురం తమ్ముళ్ళం ఒకరి తర్వాత ఒకరు పుట్టుకొచ్చేసరికి ఆమె బడి మానేసింది. దానిమీద ఇంట్లో చర్చ జరిగిన గుర్తు లేదు.

పాసులు దొరికిన ఏడు మద్రాసు మెయిలెక్కి వాల్తేరులో దిగి సింహాచలం వెళ్ళేవాళ్ళం. కొండమీది నరసింహస్వామి మా వాళ్ళందరికీ అప్పన్నే. కాలనీలో సగం మంది అప్పారావులు, అప్పలనాయుళ్ళు, అప్పలనరసమ్మలు ఆయన పేరిట పుట్టినవాళ్ళే. దేవుడి పేరులోనూ అప్ప ఉండటం చిన్నప్పుడు నాకు వింతగా అనిపించలేదు, మా అప్పకు చుట్టమేమో అనుకున్నాను.

ఉద్యోగం వచ్చి అనంతపురం వెళ్ళాక ఆ మాట మరో వేషంలో ఎదురైంది. "రాప్పా, కూర్చోప్పా" అని పెద్దా చిన్నా అందరూ ఆదరంగా అంటారు, ఊరినిండా తిమ్మప్పలూ హనుమప్పలూ. నాలుగడుగులేస్తే కన్నడం, అక్కడ అప్ప తండ్రి. తర్వాత నిఘంటువులు తిరగేసే జబ్బు పట్టుకుంది. ఉజ్బెక్ భాషలో ఓపా అంటే అక్క, కజకుల అపా తల్లి, యేసు కాలపు అరమాయిక్‌లో అబ్బా అంటే తండ్రి, ఇప్పటి హీబ్రూ పిల్లలకూ అంతే. జార్జియా దేశంలోనైతే మామా అంటే నాన్నట. మన మామయ్యలు వింటే ఏమంటారో!

ఇదంతా ఒకే వేరు నుంచి పుట్టింది కాదు. దక్షిణాది మాటలు ఒక కుటుంబం, ఉజ్బెకులదీ కజకులదీ తుర్కు కుటుంబం, కొన్ని పోలికలు ఉత్త యాదృచ్ఛికం. పసినోటికి పెదవులు కలిపే శబ్దాలు ముందుగా వస్తాయి, పెద్దవాళ్ళు వాటిని తమ పేర్లుగా పట్టుకుంటారు. 1960లో అచ్చయిన వ్యాసంలో భాషాశాస్త్రవేత్త రోమన్ యాకొబ్సన్ అమ్మా నాన్నల పేర్లకు ఇలాంటి కారణమే చెప్పాడు. బాగానే ఉంది. కానీ పాప నోట వచ్చిన ఆ శబ్దం ఎవరికి దక్కుతుందన్నది, నన్నడిగితే, ఆ పూట పాపను ఎవరు ఎత్తుకున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. మా వరసలో మూడిళ్ళల్లో అది ఆడపిల్లలకే దక్కింది.

అప్ప ఇప్పుడు విశాఖలో కూతురి దగ్గర ఉంటోంది. మనవరాలు కొరియా సీరియళ్ళు చూసి చూసి తండ్రిని అప్పా అని పిలవడం మొదలెట్టిందట, ఆ భాషలోనూ నాన్న అప్పానే మరి. మొన్న ఫోన్లో అప్ప ఒకటే నవ్వు.

"నన్నే అనుకోని రెండుసార్లు లేచొచ్చానురా. ఎవల్నే పిలుస్తన్నావంటే మా డాడీని అంటాది. ఆ తమిళోల్లింటి గుంట గానీ మల్లీ మనింట్లో పుట్టిందేటిరా?"