ఘాట్ ఎక్కే బండికి నాలుగు ముళ్లు

కొలరాడోలో ఐ-70 మీద పడమటికి పోయేవాళ్లకు జార్జ్‌టౌన్ దాటిన దగ్గర్నుంచి ఎక్కుడే ఎక్కుడు. 11,158 అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగం వచ్చేదాకా ఇంజన్‌కి ఊపిరాడదు. అవతల సిల్వర్‌థార్న్ వైపు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇంకా కష్టం. వాలు ఏడు శాతం దాకా ఉంటుంది. వెనక మూడు టన్నుల ట్రైలర్ తగిలించుకుని ఈ రోడ్డెక్కే డీజిల్ పికప్‌కి కంపెనీ ఇచ్చిన డాష్‌బోర్డు చాలదు. ఈ మాట మా డెన్వర్ తెలుగువాళ్ల మధ్య అన్నప్పుడల్లా, ట్రక్కులో అదనపు మీటర్లంటే కుర్రకారు సోకు కదా అంటారు. కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది 2001 నాటి డాడ్జ్ రామ్ 2500. ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు. డాష్‌బోర్డు మీద స్పీడు, ఆర్పీఎం, డీజిల్ ఎంతుందో, బ్యాటరీ ఎలా ఉందో, నీళ్ల వేడి, ఆయిల్ ఒత్తిడి కనిపిస్తాయి. ఊళ్లో తిరగడానికి అవి బోలెడు. బరువు లాగేటప్పుడు తెలియాల్సినవి వేరే ఉన్నాయి: సైలెన్సర్ వైపు పోయే పొగ ఎంత వేడిగా ఉంది, టర్బో ఎంత గాలి తోస్తోంది, గేర్‌బాక్సు ఆయిల్ ఎంత కాగింది, పంపుకి డీజిల్ ఎంత ఒత్తిడితో అందుతోంది. నీళ్ల ముల్లు వీటిలో ఏదీ చెప్పదు. అంత ఇనుము, అన్ని నీళ్లు కాగి ఆ ముల్లు కదిలేసరికి నిమిషాలు పడుతుంది. పొగ వేడి సెకన్లలో పెరుగుతుంది.

పెట్రోల్ బండి యాక్సిలరేటర్ తొక్కితే లోపలికి పోయే గాలి పెరుగుతుంది. డీజిల్లో గాలికి అడ్డుతలుపు లేదు. కాలు ఆపేది, వదిలేది డీజిల్‌నే. గాలికి మించి డీజిల్ పోస్తే నల్లపొగ, దాంతోపాటు వేడి. పదకొండు వేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. అదే డీజిల్, తక్కువ గాలి. టర్బో కొంత పూడుస్తుంది, పూర్తిగా పూడ్చలేదు. ఈ ఇంజన్లు నడిపేవాళ్లు టర్బోకి ముందు కొలిచిన వేడి 1250 ఫారన్‌హీట్ దాటి ఎక్కువసేపు ఉండకూడదంటారు. అంటే 677 సెల్సియస్. అల్యూమినియం కరిగేది 660 దగ్గర. పిస్టన్లు అల్యూమినియంవే. కింద నుంచి వాటి మీద ఆయిల్ చిమ్ముతుంది కాబట్టి లోహం అంత వేడెక్కదు గానీ, ఎంతసేపు కాపాడుతుందన్నది డ్రైవర్ కాలి మీద ఉంటుంది.

మా నాయిన లారీ డ్రైవర్. హుజూర్‌నగర్ వైపు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్‌కి సిమెంటు లోడు తోలేవాడు. అప్పుడప్పుడు శ్రీశైలం ఘాట్ కూడా. వేసవి సెలవుల్లో నేను ఆ క్యాబిన్లోనే పెరిగాను. టర్బో లేని పాత లేలాండ్ అది. నాయిన మీటర్ల వంక చూడగా నాకు గుర్తులేదు. ఎక్కుడొస్తే అద్దంలో పొగ రంగు చూసేవాడు. నల్లబడిందంటే వెంటనే గేరు దించేవాడు. ఇంజన్ గొంతు మారితే, క్యాబిన్ నేల వేడెక్కితే, వాసన తేడా వస్తే బండి పక్కకి తీసేవాడు. ఒక్కొక్కటీ ఒక కొలతే.

నా ట్రక్కులో అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, పిల్లల పాటల మధ్య కూర్చుంటాను. సైలెన్సర్ గొట్టం వెనక చక్రం పక్కన ఉంటుంది. దాని వెనక ట్రైలర్ గోడ. పొగ నల్లదో తెల్లదో అద్దంలో కనపడదు. నాయిన చెవికి, ముక్కుకి, కంటికి అందినవేవీ నాకు అందవు. మీటర్లు పెట్టుకున్నది అందుకే.

పొగ వేడి కొలిచే మీటర్‌ని పైరోమీటర్ అంటారు. దీన్ని బిగించాలంటే ఇంజన్ కుడివైపున్న పోత ఇనుము ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి బొక్క వేయాలి. చాలామంది ఇక్కడే వెనకాడతారు. భయం అర్థంలేనిది కాదు. ఇనప పొట్టు ఒక్క రవ్వ లోపల పడి టర్బోలోకి పోతే, నిమిషానికి లక్ష చుట్లు తిరిగే చక్రం రెక్కలకు తగులుతుంది. టర్బో విప్పి పక్కన పెట్టి చేసేవాళ్లున్నారు. అన్నిటికన్నా భద్రం అదే. మా బండికి ఆ నట్లు తుప్పుతో అతుక్కుపోయాయి. బలవంతం చేస్తే బోల్టు విరుగుతుంది. అందుకని గ్రీజు దారి పట్టాను. టర్బో బిగించే ఫ్లాంజికి దగ్గర పంచ్‌తో గుర్తు కొట్టి, ముందు సన్న బిట్టు, తర్వాత 11/32 అంగుళం బిట్టు. బిట్టుకి నిండా గ్రీజు పూసి, నాలుగు చుట్లు తిప్పి, బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ గ్రీజు. పోత ఇనుము ఉక్కులాగా చుట్టలు చుట్టుకుని రాదు, నల్ల ఇసుకలా రాలుతుంది. ఆ ఇసుకంతా గ్రీజుకి అంటుకుని వస్తుంది. గోడ చివరి పొర దగ్గర చేతికి తెలుస్తుంది, డ్రిల్లు కాస్త ముందుకి లాగుతుంది. అక్కడ ఒత్తకూడదు. మా ఆయన టార్చి పట్టుకుని, అడగకముందే తుడిచే గుడ్డలు అందించాడు. తర్వాత ఒకటి బై ఎనిమిది పైపు మరకి ట్యాప్, దానికీ గ్రీజే. సన్న అయస్కాంతం లోపలికి పంపి తిప్పి తీస్తే కొసన రెండు మూడు నలకలు వచ్చాయి. ఉత్తదే వచ్చేదాకా తిప్పాను.

బొక్కలోకి పోయేది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగల కొనలు కలిపి వేడిచేస్తే చిన్న వోల్టేజి పుడుతుంది. ఈ ప్రభావాన్ని 1821లో జర్మన్ శాస్త్రవేత్త జీబెక్ గమనించాడు. రెండు వందల ఏళ్ల నాటి ఆ సంగతే మా ట్రక్కులో పనిచేస్తోంది. 1250 ఫారన్‌హీట్ దగ్గర వచ్చేది 28 మిల్లీవోల్టులే. అంత చిన్న సంకేతం కాబట్టి వైరు విషయంలో పట్టుదల అవసరం. పొడవు చాలలేదని మామూలు రాగి వైరు అతికిస్తే ఆ అతుకుల దగ్గర ఇంకో వోల్టేజి పుట్టి మీటర్ తప్పు చెబుతుంది. పొడిగించాలంటే ఆ లోహాలదే వైరు కొనాలి. పొడవు మిగిలితే కత్తిరించకుండా చుట్టి కట్టేయమని ఆ మీటర్ పుస్తకంలో ఉంది, అలాగే చేశాను. తప్పు చెప్పే మీటర్ కన్నా మీటర్ లేకపోవడమే నయం. లేదని తెలిస్తే కనీసం భయంతో నడుపుతాం.

మిగతావాటికి ఇంత శ్రమ లేదు. టర్బో తోసే గాలిని కొలిచే బూస్టు మీటర్ గొట్టం, వైర్లు ఇంజన్ గదికీ క్యాబిన్‌కీ మధ్యనున్న రేకులోని రబ్బరు బుష్షు గుండా తీశాను. రేకు అంచు ఒరుసుకుంటే ఏదో ఒకనాడు తెగుతాయి. లైట్లు డిమ్మర్‌కి కలిపాను. రాత్రి ఘాట్‌లో కళ్లలో పొడిచే మీటర్ ప్రమాదం. గేర్‌బాక్సు ఆయిల్ సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నదాని మీద వాదాలున్నాయి. అడుగు ట్రేలో పెడితే సగటు వేడి తెలుస్తుంది. కూలర్‌కి పోయే వేడి గొట్టంలో పెడితే ఆ క్షణం వేడి తెలుస్తుంది. కొండ రోడ్లకు రెండోదే సరని నా అభిప్రాయం. 200 లోపు ఉంటే నిశ్చింత, 250 చేరితే ఆగాల్సిందే.

డీజిల్ ఒత్తిడి మీటర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన ఈ ఇంజన్లలో ఉండేది వీపీ44 అనే ఇంజెక్షన్ పంపు. దాని లోపల తిరిగే భాగాలను చల్లబరిచేదీ, జారుడుగా ఉంచేదీ అందులోంచి పారే డీజిలే. ట్యాంకు నుంచి తోసే చిన్న పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా పెద్ద పంపు దాహంతో అరుగుతుంది. కొత్తది పెట్టాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. లోడు మీద 10 పీఎస్ఐ కిందికి దిగనివ్వకూడదన్నది ఈ బళ్లు తెలిసినవాళ్ల లెక్క. కొలిచే సెన్సర్‌ని ఫిల్టర్ దాటాక, పంపు మొదట్లో పెట్టాలి. ఆ పంపు కొట్టే దెబ్బలకు సెన్సర్ నిలవదు కాబట్టి మధ్యలో సూది వాల్వు కూడా కావాలి. డీజిల్ గొట్టాన్ని మాత్రం చచ్చినా క్యాబిన్లోకి తేకూడదు. లోపలికి వైరే రావాలి.

మీటర్లు పెట్టాక మొదటిసారి సిల్వర్‌థార్న్ ఎక్కుడులో నేను చూసింది ఇదీ. ఓవర్‌డ్రైవ్‌లో కాలు నొక్కి పోతుంటే పైరోమీటర్ 1100, 1200 దాటి ఇంకా ఎక్కుతోంది. గేరు కర్ర చివరి బటన్ నొక్కి ఓవర్‌డ్రైవ్ తీసేశాను. ఆర్పీఎం పెరిగింది, ఇంజన్ అరిచింది. వేడి ముల్లు మాత్రం కిందికి దిగింది. అరుపు వింటే బండికి కష్టమవుతోందనిపిస్తుంది, నిజానికి ఎక్కువ గాలి అందుతోంది కాబట్టి కష్టం తగ్గింది. నాయిన గేరు దించడం వెనకున్న లెక్క ఆ రోజు కళ్లతో చూశాను.

నాయిన మా ఇంటికి వచ్చినప్పుడు అదే దారిన తీసుకుపోయాను. కిటికీ స్తంభం మీద మూడు, కింద స్టీరింగ్ పక్కన ఒకటి, మొత్తం నాలుగు మీటర్లు చూసి, ఏది దేనిదో అడిగి తెలుసుకున్నాడు. ఎక్కుడు పైన బండి ఆపాక నేను ఇంజన్ ఆపకుండా కూర్చుంటే, "బంద్ జేస్తలేవేంది బిడ్డా? డీజిల్ కాల్తది గదా" అన్నాడు. పైరోమీటర్ 300కి దిగకముందే ఆపితే టర్బో బేరింగులో ఆయిల్ మాడిపోతుందని చెప్పాను. తలూపి ముల్లు దిగేదాకా తనూ చూశాడు.

తిరుగుదారిలో, ఏడు శాతం వాలు మీద, ఆయనే ముందు పసిగట్టాడు.

"బిడ్డా, కిందిది దిగుతాంది సూడు."

డీజిల్ ఒత్తిడి 14 నుంచి 8కి వచ్చింది. నేను వేడి మీదే కన్నేసి ఉన్నాను. కాలు తగ్గించి, లారీల లేన్‌లోకి మారాను. ముల్లు 11కి లేచింది.

"డీజిల్ అందుతలేదు. పంపుకు పైసలు పెట్టకు ఇప్పుడే. ముందు ఫిల్టర్ తీసి సూద్దాం."

సొరంగం దాకా అలాగే నెమ్మదిగా లాక్కొచ్చాం. మర్నాడు ఫిల్టర్ విప్పాం. నాయిన దాన్ని బ్లేడుతో కోసి, మడతలు విప్పి పాత పేపర్ మీద పరిచాడు. మడతల అడుగున నల్లటి జిగురు, వేలికి అంటుకుంటే వదలనంత. కొత్తది వేసి, ఎయిర్ తీసి, ట్రైలర్ తగిలించి ఊరి బయటి ఎక్కుడు మీద తోలి చూశాం. 13 దగ్గర నిలబడింది.

ఇంటికొచ్చాక నాయిన, ఆ మీటర్ అక్కడ ఉండొద్దన్నాడు. పంపును కాపాడేది కాళ్ల దగ్గరుంటే ఎట్ల, కన్ను పోయే తావున ఉండాలె అన్నాడు. అది నిజం. బూస్టు మీటర్ ముచ్చటగా ఉంటుందే గానీ దాన్ని చూసి నేను కాలు ఎత్తింది ఎప్పుడూ లేదు. అన్నీ ఒకే కొలత మీటర్లు కాబట్టి గూళ్లు కూడా సరిపోయాయి. ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని స్తంభం ప్లాస్టిక్ విప్పి, బూస్టుని కిందికి, డీజిల్ ఒత్తిడిని పైకి మార్చాం.