చెప్పులు చేత పట్టుకుని

పోయిన వారం పోస్టు కింద ఒక విద్యార్థి అడిగాడు: "సార్, ఆదివారం పొద్దున కేసీ కాలవ గట్టు మీద మీరు బూట్లు లేకుండా ఉరుకుతాంటే చూసినా. ఏమన్నా మొక్కా?"

మొక్కు కాదు తమ్ముడూ. అదొక ఇష్టం. ఆ ఇష్టం మీద ఈ మధ్య నాకే ఒక పేచీ వచ్చింది. ఈ వారం దాని గురించే రాస్తా.

కర్నూల్లో మేం ఎనిమిది మందిమి ఉన్నాం. ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక పిల్లల డాక్టరు, ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, రిటైరైన హెడ్‌మాస్టరు ఒకరు, వాళ్ల స్నేహితులిద్దరు, నేను. కొందరం వట్టికాళ్లతో, కొందరు అట్టముక్కంత పల్చటి అడుగున్న బూట్లతో ఉరుకుతాం. ఆదివారం ఐదున్నరకి గట్టు మీద కలుస్తాం. ఉరుకుడు అయ్యాక ఉగ్గాని బజ్జీ తింటూ ఎవరి వారం వాళ్లు చెప్పుకుంటాం. ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ నొప్పి, ఏ ముల్లు దిగింది. ఆటలంటే టీవీలో క్రికెట్ చూడటమే అనుకునే వయసులో ఉన్నవాళ్లం, చిన్నపిల్లల్లాగా కాళ్లు చాపి అరికాళ్లు చూపించుకుంటాం.

నా పోయిన వారం ఇది. మంగళవారం కాలేజీ గ్రౌండులో రెండు కిలోమీటర్లు. గురువారం మూడు అనుకున్నా, కిలోమీటరు దగ్గరే పల్లేరుకాయ దిగింది. పల్లేరుకాయ తెలియనివాళ్లకు ఎంత చెప్పినా తెలియదు. ఎట్లా పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. శనివారం సెలవు. ఆదివారం గట్టు మీద ఐదు.

మొదలుపెట్టి పద్నాలుగు వారాలైంది. మొదటి వారం అర కిలోమీటరుకే పిక్కలు రాయిలాగా బిగుసుకున్నాయి. బూట్లతో ఉరికినన్నాళ్లూ నేను మడమ మీదే పడేవాణ్ని. వట్టికాళ్లతో మడమ మీద పడితే ఆ దెబ్బ తలదాకా తెలుస్తుంది. అందుకని కాలు తనంతట తనే ముందుభాగం మీద దిగడం నేర్చుకుంటుంది. అడుగు చిన్నదవుతుంది, మోకాలు కొంచెం వంగుతుంది. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ అనే పరిశోధకుడు కెన్యాలో చిన్నప్పట్నించీ బూట్లు లేకుండా ఉరికేవాళ్లను చూసి, 2010లో నేచర్ పత్రికలో రాసింది ఇదే. దానికి ఏడాది ముందు క్రిస్టఫర్ మెక్‌డూగల్ పుస్తకం బార్న్ టు రన్ వచ్చింది. మెక్సికో లోయల్లో ఉండే రారామురి అనే ఆదివాసులు పల్చటి చెప్పులతో ఎన్నెన్ని మైళ్లు ఉరుకుతారో అందులో ఉంది. ఆ పుస్తకం తర్వాత అమెరికాలో బూట్లు విప్పడం ఒక ఉద్యమమే అయింది. ఉద్యమం వెనకాలే వ్యాపారం వచ్చింది. వేళ్లకు వేరువేరు గూళ్లున్న బూట్లు అమ్మిన వైబ్రమ్ కంపెనీ, వాటితో కాళ్లు బలపడతాయనీ దెబ్బలు తగ్గుతాయనీ ప్రకటించుకుని, రుజువు లేదని కోర్టుకు వెళ్లినవాళ్లతో 2014లో 37 లక్షల 50 వేల డాలర్లకు రాజీ పడింది. ఏమీ వేసుకోకపోవడాన్ని కూడా అమ్మొచ్చన్నమాట.

ఆ రారామురివాళ్ల చెప్పుల ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. పాత టైరు ముక్క, దానికి తోలు వారు. మా నాయన జీవితమంతా తొడిగింది టైరు చెప్పులే. మా గ్రూపులో సాఫ్ట్‌వేర్ కుర్రాడు అట్లాంటి జత ఒకటి వేలు పోసి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు.

ఇంతవరకూ సరదానే. పేచీ మొదలైంది ఒక మాట దగ్గర. నెల కిందట ఒక ఆదివారం డాక్టరు గారు బూట్లు విప్పి, రెండూ కలిపి ఒక చేత్తో పట్టుకుని, గట్టు మీద మెల్లగా నడుస్తూ అన్నారు: "మన పూర్వీకులంతా ఇట్లాగే నడిచారు సార్. భూమిని తాకుతూ. మనమే పాడు చేసుకున్నాం."

మంచి మనిషి. ఆ మాటలో చెడేమీ లేదు. నేను చూస్తున్నది మాత్రం ఆయన చేతిలోని బూట్లను.

మా ఊరు కడప జిల్లాలో, జమ్మలమడుగు వైపు. మా వైపు చెప్పుల్ని మెట్లు అంటారు. మా జేజినాయన మెట్లు కుట్టేవాడు. చచ్చిన ఎద్దును ఊరి బయటికి ఈడ్చుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి పదును చేసేవాడు. ఆ వాసన ఇంటికీ ఒంటికీ పట్టి పోయేది కాదు. ఆ తోలుతో పెద్ద రైతులకు కిర్రు చెప్పులు కుట్టేవాడు. నడుస్తుంటే కిర్రు కిర్రుమనాలి. వీధి మలుపు తిరగకముందే ఎవరొస్తున్నారో తెలియాలి. దానికి కూలి డబ్బుల్లో కాదు, కళ్లంలో గింజల్లో.

ఆయన కూడా తన కోసం ఒక జత కుట్టుకున్నాడు. చేనికి పోవాలంటే ఊరి నడివీధిలోంచే దారి. రచ్చబండ ఇంకా కనపడకముందే మెట్లు విప్పి చేత పట్టుకునేవాడంట. ఎవరైనా అరుగు మీద ఉంటే చంకలో పెట్టుకునేవాడంట. ఊరు దాటినాక మళ్లీ తొడుక్కునేవాడు. తన చేత్తో కుట్టినవి ఆ వీధిలో తిరుగుతూనే ఉండేవి, వేరేవాళ్ల కాళ్లకు. ఈ సంగతి చెప్పేటప్పుడు మా నాయన ఎప్పుడూ నవ్వుతూ చెప్పేవాడు. నాకు ఆ నవ్వు అర్థం కావడానికి పీహెచ్‌డీ కూడా చాల్లేదు.

నేను చదివింది తెలుగు సాహిత్యం కాబట్టి ఒక చిన్న పక్కమాట. వేమన ఒక పద్యంలో చెప్పులో దూరిన రాయి బాధను, కాల్లో దిగిన ముల్లు బాధను ఒకే చోట చెప్పాడు. క్లాసులో ఆ పద్యం చెప్పినప్పుడల్లా ఆలోచిస్తా. మొదటి బాధ పడాలంటే ముందు చెప్పు ఉండాలి కదా. జాషువా గబ్బిలంలో కథానాయకుడు చెప్పులు కుట్టేవాడు. ఆ కావ్యం వచ్చింది 1941లో. అప్పటికి మా జేజినాయన చెప్పులు చేత పట్టుకునే నడుస్తున్నాడు.

ఇదంతా పాత కథ అనేవాళ్లకు ఒక తేదీ చెప్తా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(జెడ్ఏ) చదవండి. ఎస్సీ, ఎస్టీలు బహిరంగ ప్రదేశాల్లో సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా, చెప్పులు తొడుక్కోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా అడ్డుకుంటే అది నేరం. చెప్పులు అనే మాట చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, రాజ్యాంగం వచ్చి అరవై ఐదేళ్లయినా ఎక్కడెక్కడో విప్పిస్తూనే ఉన్నారన్నమాట. అటు లోకంలో బూట్లు విప్పడం ఫ్యాషనైన సంవత్సరాలూ, ఇటు చెప్పులు తొడుక్కునే హక్కు చట్టంలోకెక్కిన సంవత్సరాలూ ఇంచుమించు ఒకటే.

డాక్టరు గారికి అక్కడే ఇదంతా చెప్పానా? లేదు. బజ్జీ తిని ఇంటికొచ్చినా. నేనేమీ పెద్ద వీరుణ్ని కాదు. ఇంకా ఘోరం ఏంటంటే, ఆయన మాట్లాడినట్టే నేను ఒక పిల్లతో మాట్లాడి అప్పటికి రెండు వారాలు.

డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి. పల్లె నుంచి బస్సులో వస్తుంది. అమ్మ పత్తి ఏరడానికి పోతుంది. కాలేజీ ఆటల పోటీల్లో 1500 మీటర్లు వట్టికాళ్లతో ఉరికి మొదటొచ్చింది. స్టేజీ మీద ఒక పెద్దమనిషి "పల్లె మట్టిలో పుట్టిన సహజ ప్రతిభ" అని పొగిడాడు. పిల్ల కాళ్ల ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. మర్నాడు నా దగ్గరికొచ్చింది. "సార్, వేరే జిల్లాలో పోటీలుండాయి. బూట్లుంటే బాగుంటుందా?" అనడిగింది. నేనేమన్నానో తెలుసా? "బూట్లతో పనేముందమ్మా? అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ వట్టికాళ్లతో ఉరికి బంగారం గెల్చినాడు. నేను కూడా అట్లాగే ఉరుకుతున్నా, చూడు" అన్నాను. పిల్ల తలూపింది. మాస్టారు చెప్పాక ఏమంటుంది?

ఆ పోటీల్లో మొదటి పరుగు పొద్దున తొమ్మిదికి. గెలిచింది. ఫైనల్ మధ్యాహ్నం పన్నెండు దాటాక పెట్టారు. మార్చి నెల, రాయలసీమ ఎండ. గట్టినేల పెనంలాగా ఉంది. రెండో చుట్టుకే పిల్ల నడక మారింది. మూడో చుట్టులో పక్కకొచ్చి కూర్చుంది. అరికాళ్లు రెండూ బొబ్బలు. నా బ్యాగులో నా బూట్లు ఉన్నాయి. అవి ఆ పిల్లకు సరిపోవు, నిజమే. కానీ అప్పుడు నా మనసులో మెదిలింది ఆ సైజు లెక్క కాదు.

నేను ఎప్పుడు ఉరుకుతాను? పొద్దున ఐదున్నరకి, నేల చల్లగా ఉన్నప్పుడు. ఎండెక్కితే ఆపేస్తా. ముల్లు దిగితే ఇంటికి పోతా. కాలు తెగితే టీటీ ఇంజెక్షన్, సెలవు, జీతం. ఆ పిల్లకు వీటిలో ఏది ఉంది?

బికిలా కథలో నేను చెప్పని సగం ఉంది. తర్వాత వెతుక్కుని చదివినా. రోమ్‌లో కొత్త బూట్లు కాళ్లకు సరిగా కుదరక వట్టికాళ్లతో దిగాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. ముసోలినీ సైన్యం ఇథియోపియా నుంచి ఎత్తుకుపోయిన అక్సుమ్ స్తంభం దారిలోనే ఉంది. దాని దగ్గర వేగం పెంచి ముందుకు పోయాడు. గొప్ప కథే. కానీ నాలుగేళ్ల తర్వాత 1964లో టోక్యోలో, అపెండిక్స్ ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే, అదే మనిషి మళ్లీ బంగారం గెల్చాడు. 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. అప్పుడు కాళ్లకు బూట్లున్నాయి. మూడు నిమిషాలు తగ్గింది బూట్ల వల్లే అని నేననను. బూట్లు చేతికందినప్పుడు ఆయన తొడుక్కున్నాడు, అంతే. టోక్యో ఫొటో ఎవరూ పోస్టరు వెయ్యరు. నేనూ చెప్పలేదు.

పిల్లను బస్సెక్కించి ఇంటికొస్తే మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. మర్నాడు పొద్దున నేను గడప దాటుతుంటే లేచి కూర్చుంది.

"యాడికి పోతాండావు రా వట్టికాళ్లతో?"

"ఉరికేదానికి మా."

"మెట్లు తెగినాయా?"

"లేదు మా. కావాల్నే."

మా అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆమె కాళ్లు మంచం మీద నుంచి కిందికి వేలాడుతున్నాయి. మడమల్లో పగుళ్లు, రూపాయి బిళ్ల నిలబెట్టేంత లోతు. నల్లరేగడిలో కంది కొయ్యకాళ్లు గుచ్చుకున్న మచ్చలు. సెనగ చేనిలో పొద్దున మంచులో దిగితే ఆకు మీది పులుసు పగుళ్లలోకి దిగి ఎట్లా మండుతుందో నాకు ఆమె అరుపుల వల్లే తెలుసు. రాత్రిపూట కొవ్వొత్తి కరిగించి మైనం పోసుకునేది. హైస్కూల్లో నాకు తెల్ల కాన్వాసు బూట్లు కావాల్సొస్తే మా నాయన ఒక మేకను అమ్మినాడు. ఆ బూట్లను చాక్‌పీసుతో రుద్దింది కూడా ఆమే.

"నీ ఇష్టం లే" అంది. "మీ నాయన ఉంటే ఏమనేవాడో."

ఆ రోజు ఉరకలేదు.

వట్టికాళ్లతో తిరగడం వల్ల వచ్చే జబ్బుల లెక్క వేరే ఉంది. కొంకిపురుగు లార్వా తేమ మట్టిలోంచి అరికాలి చర్మం గుండానే లోపలికి పోతుంది. పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. మన ఆడపిల్లల రక్తహీనతకు అదొక కారణం. చేలల్లో రక్తపింజర కాటు ఎక్కువగా పడేది పాదానికీ పిక్కకే. షుగరు ఉన్నవాళ్లకు కాలి పుండు ఎట్లా ముదురుతుందో మీ ఇళ్లలో చూసే ఉంటారు. మా ఆదివారం కబుర్లలో ఇవి ఎప్పుడూ రాలేదు.

పోయిన ఆదివారం వచ్చాయి. నా వంతు వచ్చినప్పుడు కిలోమీటర్లు చెప్పకుండా, జేజినాయన సంగతీ ఆ పిల్ల బొబ్బల సంగతీ చెప్పినా. హెడ్‌మాస్టరు గారు తల దించుకుని ఉగ్గాని కలుపుతూ ఉండిపోయారు. బ్యాంకు మిత్రుడొకరు "ఆటల్లోకి కూడా కులం ఎందుకు సార్" అన్నారు. డాక్టరు గారు చాలాసేపటికి అడిగారు: "ఆ పాప కాళ్లు మానాయా? ఒకసారి తీసుకురండి." తర్వాత ఇంకో మాట: "సైజెంత?"

నేను వట్టికాళ్లతో ఉరకడం మానేశానా అని అడుగుతారు. మానలేదు. మంగళవారం, గురువారం గ్రౌండులో ఉరుకుతూనే ఉన్నా. చల్లటి మట్టి అరికాలికి తగిలితే బాగుంటుంది, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ మొన్న ఉగాదికి ఊరికి పోయినప్పుడు తెల్లారుజామున మా ఇంటి నుంచి చేని దాకా నడివీధిలోంచి బూట్లు తొడుక్కునే ఉరికినా. రచ్చబండ మీద ఎవరో ముసలాయన బీడీ తాగుతూ "ఎవురబ్బీ?" అన్నాడు. పేరు, మా జేజినాయన పేరు రెండూ చెప్పి ముందుకు పోయినా.

ఆ పిల్ల సైజు ఐదు. కొత్త బూట్లు బుధవారం తొడుక్కుని కాలేజీ వరండాలో అటూ ఇటూ నడిచి చూసింది. నాపరాళ్ల మీద రబ్బరు అడుగు కీచుకీచుమంటోంది.

"సార్, చప్పుడొస్తాంది. వేరేది మార్చుకోవచ్చునా?"

"ఉండనీ మ్మా" అన్నా. "రానీ చప్పుడు."

వచ్చే నెల మళ్లీ పోటీలున్నాయి. ఫైనల్సు పొద్దున పూటే పెట్టమని ఒక అర్జీ రాసినాం. కర్నూలు, కడప, నంద్యాల వైపు విద్యార్థులెవరైనా సంతకం పెట్టదల్చుకుంటే మెసేజ్ చెయ్యండి, పంపుతా. మీ కాలేజీల్లో ఇంకా వట్టికాళ్లతో ఉరుకుతున్న పిల్లలుంటే, పొగడకముందు వాళ్ల సైజు కనుక్కుని అది కూడా రాయండి.